నానమ్మ చెప్పిన సున్నా

ఆ మధ్యాహ్నం ఇంట్లో ముగ్గురే ఉన్నారు: తుంటి విరిగి మంచాన పడిన నానమ్మ, సెలవు మీద ఇంటికొచ్చిన, నర్సుగా పనిచేసే అక్క, డైరీ పట్టుకున్న చెల్లెలు చిన్నది. కిటికీ తెర నీళ్లలో ఆకులా కదులుతోంది.

"నొప్పి పదికి ఎంతని నానమ్మని రోజూ అడిగానక్కా. పది రోజులూ సున్నానే అంది."

"ఇలా ఏడుపు మొహం పెట్టుకునే అడిగావా?"

చిన్నది తల దించుకుంది.

"నిన్నలా చూస్తూ నొప్పుందని ఎలా చెబుతుందే పిచ్చిమొద్దూ?"

"అయితే నేను రాసిందంతా అబద్ధమా?"

"కాదు. నువ్వంటే ఎంత ముద్దో అందులో ఉంది. నొప్పి ఎంతో లేదు. అది తెలిస్తేగానీ డాక్టరు మందు పెంచడు. ఇవాళ నేనడుగుతా, నువ్వు బయటికెళ్లు."

"మూల కూర్చుంటా. నోరు మెదపను."

నానమ్మ నిద్రమత్తులోనే నవ్వింది. "నాకేం నొప్పే తల్లీ, హాయిగా ఉంది."

"విన్నావుగా," అంటూ అక్క చిన్నదాన్ని గుమ్మం దాటించి, మెల్లగా తలుపు మూసింది.