రెండో ఇండెక్స్

కౌంటరు మీది ఆ ఫోను తియ్యక్కా. ఎత్తకపోతే మళ్ళీ చెయ్యి, అప్పుడూ ఎత్తకపోతే ఇంకోసారి చెయ్యి. ఇందాక నువ్వు పంపించేశావే గళ్ళ చొక్కా ఆయన, నీ దగ్గర నంబరు రాసి వెళ్ళాడుగా, ఆయన్ని వెనక్కి పిలవాలి. ఓ నెగటివ్ దాతలు మన బ్లడ్ బ్యాంకులో ఎవరూ లేరని చెప్పావు కదూ. ఉన్నారు.

అలా చూడకు. మెట్లమీంచి పరిగెత్తుకొచ్చాను, అందుకే ఈ ఆయాసం. లిఫ్టు కోసం ఆగలేకపోయాను.

నువ్వు అబద్ధం చెప్పలేదు. నీ స్క్రీన్ చెప్పింది. దానిచేత చెప్పించింది నేను.

ఆయన నీతో ఏమన్నాడు? భార్యకి ఆపరేషనా? రాత్రిలోపు రక్తం కావాలా? ఆయన వెళ్తుంటే పైన కిటికీలోంచి చూశానక్కా. అప్పటికి నాకేమీ తెలీదు. జేబులోంచి చీటీ తీసి చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకుని, ఎటు నడవాలో తెలీక గేటు దగ్గరే నిలబడిపోయాడు. పాపం ఎవరో, ఏం కష్టమో అనుకున్నాను. నా కష్టం కాదు కదా అని హాయిగా జాలిపడ్డాను కూడా.

మోగుతోందా? మోగనీ. ఈలోపు చెప్పేస్తాను.

మా పైగదిలో పెద్ద కంప్యూటరు ఉంది కదా, దాని దగ్గర నాకు పని నేర్పుతున్నాయన ఉన్నారే, సున్నా సారు. ఆ పేరు నేనే పెట్టాను. ఏ పని నడిపినా చివర్లో సున్నా వస్తే బాగా జరిగినట్టు, ఇంకే అంకె వచ్చినా కొంప మునిగినట్టు. చిన్నప్పుడు లెక్కల్లో సున్నా తెచ్చుకుంటే మా ఇంట్లో వీపు విమానం మోత మోగేది. ఇక్కడేమో సున్నా వస్తే శెభాష్ అంటారు. ఇదేదో నాకోసమే కట్టిన లోకం అనుకున్నాను.

దాతల ఫైలు ఉందే, అందులో మనుషులంతా నంబర్ల వరసలో ఉంటారు. నంబరు చెబితే తిన్నగా ఆ మనిషి దగ్గరికి తీసుకెళ్తుంది. కానీ నీ దగ్గరికి వచ్చేవాళ్ళకి దాత నంబరు ఎలా తెలుస్తుంది? వాళ్ళు చెప్పేది గ్రూపు. అందుకని పక్కనే ఇంకో ఇండెక్స్ ఉంటుంది, ఈ గ్రూపువాళ్ళ నంబర్లు ఫలానా ఫలానా అని. సారు దాన్ని రెండో ఇండెక్స్ అంటారు. నాకైతే ఒకే ఇంటికి పెరటి దోవలా అనిపించింది. ముందు తలుపు తెలీనివాళ్ళు ఆ దోవన వస్తారు.

ఇంక ఆ ఫైలు, కొత్తవాళ్ళని చేరుస్తూ పాతవాళ్ళని తీసేస్తూ ఉంటే లోపల చిందరవందరైపోతుంది. మధ్యమధ్య సర్దాలి. ఇంటికి సున్నం వేసినట్టే అనుకో. సామానంతా బయటపెట్టి, పాత ఫైలు తీసేసి, కొత్త ఫైలు కట్టి, మళ్ళీ సామానంతా వరసగా లోపల పెట్టాలి. ఇన్నాళ్ళూ సారు చేస్తుంటే వెనక నిలబడి చూశాను. ఇవాళ పొద్దున ఆయన పన్ను పీకించుకోడానికి వెళ్తూ, బుగ్గ పట్టుకునే, చూశావుగా, నువ్వే చెయ్యమ్మా అన్నారు. నన్ను ఎవరైనా నమ్మితే నేను నేలమీద ఉండనని నీకు తెలుసుగా.

చేశాను. బయటికి ఎంతమంది వచ్చారో అంతమందీ లోపలికెళ్ళారు, ఒక్కరు తగ్గలేదు. పాత ఫైలు తీసేస్తే దాంతోపాటు రెండో ఇండెక్స్ కూడా పోతుందని గుర్తుపెట్టుకుని మరీ దాన్నీ కొత్తగా కట్టాను. ఎటు చూసినా సున్నాలు. సారు వస్తే చూపిద్దామని మురిసిపోతూ కూర్చున్నాను.

ఆ రెండో ఇండెక్స్ కట్టాను గానీ నింపలేదక్కా. కట్టడం ఒక పని, నింపడం ఇంకో పని. దానంతటదే నిండుతుంది అనుకున్నాను. ఖాళీ గిన్నె పొయ్యిమీద పెట్టి వంటైపోయిందని చేతులు కడుక్కున్నాను.

మరి ఖాళీ ఇండెక్స్‌ని అడిగితే ఏం చెబుతుంది? తప్పు జరిగిందని చెప్పదు. ఏడవదు, అరవదు. మర్యాదగా, ఈ గ్రూపు దాతలు లేరు అంటుంది. ఏ గ్రూపు అడిగినా అదే మాట. మిగతా గ్రూపుల రక్తం సంచులు అరలో ఉన్నాయి కాబట్టి నువ్వు ఎవరినీ వెతకలేదు. ఓ నెగటివ్ ఆఖరి సంచి నిన్ననే వెళ్ళిపోయింది. అందుకే నా తప్పుకి ఆయన ఒక్కడే దొరికాడు.

ఎత్తలేదా? మళ్ళీ చెయ్యి.

నింపే పని ఇప్పుడే నడిపొచ్చాను. టీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు. అది అయ్యాక కాసేపు అక్కడే కూర్చుండిపోయానక్కా, నీ దగ్గర దాచను. నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. సారుకి తెలీదు, నీకు తెలీదు. రేపు నువ్వు వెతికితే పేర్లు వస్తాయి, ఇవాళ ఎందుకు రాలేదని ఎవరడుగుతారు? ఆయనకీ తెలీదు. మన దగ్గర లేరనే అనుకుంటాడు, జీవితాంతం. అప్పుడు పట్టుకుంది వణుకు. ఉద్యోగం పోతుందన్న భయం దీని ముందు ఏపాటిది? ఎవరైనా తిడితే పడతాను. ఎవరూ తిట్టకపోతే నేనేమైపోవాలి?

నీకెలా తెలిసిందంటావా? తెలిసిందిలే. ఊరికే చూస్తుంటే... అది తరవాత చెబుతాను. ముందు నువ్వు వెతుకు. కొట్టు. ఆ, ఎంటర్.

వచ్చారు. చూశావా, నలుగురున్నారు. నువ్వీ కౌంటరుకి మారాక ఈ పేజీ నీకు కనిపించడం ఇదే మొదలు.

మొదటాయన ఊరు మారిపోయాడని పక్కనే ఉంది. రెండో ఆవిడా? పాలిచ్చే తల్లట, ఆవిడ కుదరదు. మూడో పేరు... అవును, మన వ్యాను నడిపే అతనే. కంగారుపడి అతనికి ఫోను చెయ్యకు. పోయిన నెలే ఇచ్చాడు, మళ్ళీ ఇవ్వడానికి ఇంకా మూణ్ణెల్లు కాలేదు. నాకెలా తెలుసంటే తెలుసు.

నాలుగో పేరు చదివావు. చదివి నా మొహంకేసి చూస్తున్నావు.

అందుకే తరవాత చెబుతానన్నాను. నేను రోజూ మధ్యాహ్నం ఈ పేజీ తెరుస్తానక్కా. అతని పేరు, దాని కిందే నా పేరు. మధ్యలో ఎవరూ ఉండరు. అతను నమోదు చేయించుకున్న వెంటనే, వరసలో ఇంకెవరూ దూరకుండా వెళ్ళి నేనూ చేయించుకున్నాను, పక్క పక్క నంబర్లు వస్తాయని. గ్రూపు కూడా ఒకటే అని తేలిన రోజు ఇంటికి ఎలా వెళ్ళానో నాకే తెలీదు. నీకు చెబితే, రక్తం ఒకటైతే అన్నాచెల్లెళ్ళవుతారే పిచ్చిదానా అని ఏడిపిస్తావని చెప్పలేదు.

ఇవాళ తెరిస్తే ఎవరూ లేరంది. అతను లేడు. నేను లేను. కుర్చీలో కూర్చుని, కళ్ళు తెరుచుకుని, ఊపిరి పీలుస్తున్న మనిషిని నువ్వసలు లేనే లేవు పొమ్మంది. సరిగ్గా అప్పుడే ఆ గళ్ళ చొక్కా కళ్ళముందుకొచ్చింది.

పేరు అతని కింద పడాలని ఇచ్చాను గానీ, రక్తం ఇవ్వాలని కాదక్కా. సూది చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. నర్సమ్మ పిలిచినప్పుడల్లా ఒకసారి జ్వరమన్నాను, ఇంకోసారి జలుబన్నాను. ఇవాళ ఏ రోగమూ లేదు. వణుకు తప్ప.

ఏంటి, ఎత్తాడా? ఎక్కడున్నాడట? వంతెన దాటేశాడా? వెనక్కి రమ్మను. దొరికారని చెప్పు. పరీక్షలవీ అయ్యేసరికి కొంత టైం పడుతుంది, ఆపరేషన్‌కి అందుతుందని చెప్పు. ఎవరని అడిగితే ఒక అమ్మాయి అను. భయపడుతోంది గానీ ఉంది అని చెప్పు.

సారు వచ్చాక ఆయనకీ నేనే చెబుతాను. పీకిన పంటి మీద ఇదొకటి.

పదక్కా. నా చెయ్యి గట్టిగా పట్టుకో, పారిపోతానేమో. సూది గుచ్చేటప్పుడు మాత్రం నువ్వేదో ఒకటి మాట్లాడుతూ ఉండు. ఇంతసేపూ నేనే మాట్లాడాను.