ఖాళీ కొక్కెం

2012, గోదావరిఖని గని కార్మికుల కాలనీ. చాయ్‌కని వచ్చిన పక్కింటి రాయమల్లు, రిటైరైన బొగ్గు కార్మికుడు, కుడి కాలు చాపుకొని కూర్చుని గ్లాసు ఖాళీ అయి గంటైనా లేవలేదు. ఎదురుగా పరిశోధన విద్యార్థిని మమత, ఆమె ల్యాప్‌టాప్.

“అంటే పురుగును తినే పురుగు. దానికి నువ్వు జాతకం రాస్తున్నవు.”

“ఫేజ్ అంటరు కాక, బ్యాక్టీరియాను తినే వైరస్. గని నీళ్లల్ల దొరికింది. ఏ జన్యువు ఎక్కడ మొదలైతదో ఎక్కడ ముగుస్తదో గుర్తు పెట్టాలె. సాయంత్రంకల్లా మా సారుకు పంపాలె. ఒకసారి లోకం మీద పడ్డంక అందరు దాన్నే నమ్ముతరు.”

“ఇందాక తెర మీద రెండు ఎర్ర గీతలుండె. ఏడపోయినయి?”

“వరుస తెగిన కాడ పడ్తయి, దిద్దిన. జన్యువు అక్షరాలు మూడేసి చదువుకుంట పోవాలె. నడుమ ఒక్కటి తప్పితే అటెన్క అంత ఆగం. రెండు జాగలల్ల గట్లనే అయింది. చెరో అక్షరం పెట్టిన, సాఫైంది.”

“ఏడికెళ్లి తెచ్చినవు? మీ వంటింట్లకెళ్లా?”

“నవ్వకు కాక. మొదటి కాడ ఒకటే అక్షరం వరుసగ ఏడుసార్లున్నది, అక్షరాలు చదివే మిషను ఆరే అన్నది. గసుంటి వరుసలల్ల దానికి లెక్క తప్పుతది. ఇంకో తీరు మిషను మీద చూపిస్తే ఏడు తేలినయి.”

“తాగినోడు మెట్లు లెక్కపెట్టినట్టు. గది దిద్దాల్సిందే. రెండోది?”

“రెండోదీ గట్లనే.”

“గట్లనే అంటే? రెండో మిషను ఏమన్నది?”

“ఇంకింత చాయ్ పొయ్యాల్నా?”

“పొయ్యి. ఏమన్నది?”

“అదీ మొదటిదాని మాటే అన్నది.”

“ఈ పురుగుకు సుట్టాలున్నరా?”

“ఉన్నరు. వాటికీ గీడనే, పురుగు తోకను చేసే జన్యువు కాడ, గదే సంగతి. ఆడ చదివేటప్పుడు కణమే ఒక్కడుగు ఎన్కకు జారుతది. అది తప్పు కాదు, దాని పద్ధతే గంత.”

“తెలిసే పెట్టినవన్నట్టు.”

“జారుడు గీరుడు రాస్తే సారు పది ప్రశ్నలడుగుతడు, నీటుగుంటే పాస్ చేస్తడు అన్నడు మా ల్యాబు వేణుమాధవ్. నా పేరు మొదటిసారి పడుతున్నది కాక. నేనూ మా నాయన బిడ్డనే. గని దీపాలు పెట్టే లాంపు రూంల ఇరవై ఐదేండ్ల సంది ఒక్క కొక్కెం ఖాళీ కనవడనియ్యలే.”

“మీ నాయన సదానందం నీటు నాకు తెల్వదా. ఒక కథ చెప్త ఇను.”

“నీ కథలల్ల ఎలుకలు మాట్లాడ్తయి.”

“ఇండ్ల ఒక్కటే ఎలుక. గనిల నుంచి పైకొచ్చినోడు తన నెంబరు దీపం కొక్కేనికి తగిలియ్యాలె. ఖాళీ ఉంటే మనిషి కిందనే ఉన్నట్టు. ఒకనాడు పెద్ద సారు తనిఖీకొస్తుండు, ఒక కొక్కెం ఖాళీ. పొద్దటి షిఫ్టోడు ఖాళీ అన్నడు. వాడు తాగుబోతు, సరే. తర్వాతోడు చాయ్ కూడ ముట్టడు, వాడూ గదే అన్నడు. లాంపు రూం ఆయన ఏం జేసిండు?”

“కింద దేవులాడిపిచ్చిండు.”

“స్పేర్ దీపం తెచ్చి తగిలిచ్చిండు. వరుస ముత్యాల లెక్క అయింది. సారు భుజం తట్టి పోయిండు.”

“మరి మనిషి?”

“కప్పు కూలి పాత దారిల చిక్కిండు. సద్దిల ఇంత ఎలుకకు పెట్టి మేస్త్రి అని పేరు పెట్టిండు. రెండో పూటకు అది వానికే డ్యూటీ ఏసుడు షురూ జేసింది.”

“అంత అబద్ధం.”

“ఎలుక అబద్ధం. కాలు మీద బండ పడుడు నిజం. లస్మవ్వ గని కాడికొచ్చి కూసున్నది. దీపమున్నది, నీ మొగడు ఎల్లిపోయిండు అన్నరు. గా దీపమే చూపియ్యమన్నది. తను కట్టిన ఎర్రగుడ్డ దాని తీగకు లేదు. అప్పుడు దిగి దేవులాడిన్రు.”

“కాక... లస్మవ్వంటే మన చిన్నమ్మనా? చిక్కింది నువ్వేనా?”

“తోక సంగతి చెప్పు ముందుగాల.”

“తీసేస్తున్న. నేను పెట్టిన అక్షరం పోయింది. ఈడ జారుతదని రాస్తున్న. ఎర్ర గీత మళ్ల వచ్చింది చూడు.”

“మంచిగున్నది. మీ నాయన డ్యూటీ నుంచి రాంగనే చూపియ్యి బిడ్డా. ఇరవై ఏండ్లాయె, నా కాలు దిక్కు చూడలే. గా గీత దిక్కన్న చూస్తడేమో.”