పెబుల్‌డేల్‌లో ఐదేళ్ల చలికాలం
(శ్రీ విల్‌ఫ్రెడ్ హార్గ్రీవ్స్ గారి పదవీ విరమణ సందర్భంగా)

1963వ సంవత్సరం మార్చి నెల నాలుగవ తేదీ, సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు శ్రీ విల్‌ఫ్రెడ్ హార్గ్రీవ్స్ గారు రోచ్‌డేల్‌లోని మన టెలివిజన్ స్టూడియోలో వడ్రంగిగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. వారు ఆ గేటులో అడుగుపెట్టడం అదే మొదటిసారి కాదు. మన స్టూడియో ఒకప్పటి నూలుమిల్లు అన్న సంగతి పాతవారికి తెలిసిందే. ఆ మిల్లులో వారి తండ్రిగారు ఇరవై రెండేళ్లు, వారు పదకొండేళ్లు పనిచేశారు. మిల్లు మూతపడిన రోజున ఏ గేటు దగ్గర ఆఖరి సంతకం చేసి బయటికి వెళ్లారో, నాలుగేళ్ల తరువాత అదే గేటు దగ్గర మొదటి సంతకం చేసి లోపలికి వచ్చారు. ముప్పై ఒక్క సంవత్సరాల సుదీర్ఘ సేవ అనంతరం ఈ సెప్టెంబరు ముప్పైన మళ్లీ బయటికి వెళుతున్నారు. ఈ శుభసమయాన వారిని గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. దక్కింది అనడం కంటే, అడిగిన మిగతావారెవరూ ఒప్పుకోలేదు అనడం సబబు. శుభసమయం అన్న మాట కూడా అలవాటుగా వచ్చిందే గాని మనసులోంచి వచ్చింది కాదు.

వారు చేరేనాటికి ‘పెబుల్‌డేల్ స్టేషన్’ అనే పిల్లల బొమ్మలాట కార్యక్రమం ఇంకా మొదలు కాలేదు. రైళ్లు ఆగని ఒక చిన్న స్టేషను, దానికి ఇత్తడి గుండీల కోటు తొడుక్కున్న ఒక మేకపోతు స్టేషన్ మాస్టరు, ఆయన తెల్లగడ్డం, ఆయన చిరాకు. కథంతా ఇంతే. ఆ మాస్టరు పేరు మిస్టర్ గాస్కిన్. బొమ్మలు ఆడించేవారు కెమెరాకు కనబడకుండా, మనిషి తలకు మించిన ఎత్తున వేసిన చెక్కవేదిక కింద నిలబడి, చేతులు పైకెత్తి ఆడించాలి. పైన ఏం జరుగుతోందో పాదాల దగ్గర పెట్టిన చిన్న టీవీలో చూసుకోవాలి. మొదటి చిత్రీకరణ రోజున గాస్కిన్ గారిని ఆడించవలసిన నటుడు గవదబిళ్లలతో మంచాన పడ్డాడు. వేదిక కింద కిర్రుమంటున్న పలకకు మేకు కొడుతున్న హార్గ్రీవ్స్ గారిని, దీపాలు సరిచూసుకునేదాకా బొమ్మ తల పైకి పట్టుకోమన్నారు. వారు సుత్తి కింద పెట్టి చెయ్యి దూర్చారు. పైన మేక తల అటూ ఇటూ తిరిగి చూసి, కింద పలక మీదికి వంగి గొణిగింది.

“ఎవడయ్యా ఈ మేకు కొట్టింది? కళ్లు నెత్తిమీద పెట్టుకుని కొట్టాడా?”

స్టూడియో అంతా ఘొల్లుమంది. ఆ గొంతు ఎక్కడిదని అడిగితే, “మా నాన్నది, మిల్లులో నా మగ్గం పక్కన నిలబడి రోజూ ఇట్లాగే తిట్టేవాడు” అన్నారట. గవదబిళ్లలు తగ్గి వచ్చిన నటుడికి మళ్లీ ఆ మేక దొరకలేదు.

నేను 1966లో చేరాను. అంతకుముందు బట్టల దుకాణంలో చేతి తొడుగులు అమ్మేదాన్ని. వేళ్లు సన్నవి, చురుకైనవి అన్న ఏకైక యోగ్యత మీద నన్ను తీసుకున్నారు. గాస్కిన్ గారంతటి పెద్ద బొమ్మను ఒక్కరు ఆడించలేరు. హార్గ్రీవ్స్ గారి కుడిచెయ్యి బొమ్మ తలలోను, ఎడమచెయ్యి బొమ్మ ఎడమచేతిలోను ఉంటాయి. మిగిలిన కుడిచెయ్యి నాది. ఆ విధంగా ఇరవై ఎనిమిదేళ్లు వారి కుడిపక్కన, భుజానికి భుజం ఆనించి, చేతులెత్తి, తల దించి నిలబడ్డాను. వారు ఊపిరి పీల్చే తీరును బట్టి రాబోయే మాట చిన్నదో పెద్దదో చెప్పగలిగేదాన్ని. కట్టుకున్న భర్త విషయంలో కూడా నాకు అంతటి ప్రావీణ్యం లేదు.

ప్రతి గురువారం కథ ఒకే రకంగా ముగిసేది. రైలు ఆగకుండా వెళ్లిపోతుంది, గాస్కిన్ గారు దానివైపు చూసి కుడిచెయ్యి ఊపుతారు. దేశంలోని పసిపిల్లలు తమ ఇళ్లలో నిలబడి తిరిగి చేతులు ఊపేవారు. ఆ చెయ్యి నాదని బయటివారెవరికీ తెలియదు. ఆగ్నెస్ అన్న నా పేరును ఆగీ అని కుదించి పిలిచే హార్గ్రీవ్స్ గారు ఏటా క్రిస్మస్ విందులో ఇదే విషయం మీద నన్ను ఆటపట్టించేవారు.

“మాటలన్నీ నావి, టాటా మాత్రం నీది. ఇంతమంది పిల్లలకి నేను ఒక్కసారి కూడా టాటా చెప్పలేదంటే ఎవరన్నా నమ్ముతారా, ఆగీ?”

“మీరు చెప్పబోతే గడ్డం ఊపుతారు, అది వాళ్లకి వద్దు” అనేదాన్ని నేను.

వారు పెట్టిన ఒక నియమం గురించి ఇక్కడ చెప్పాలి. పని ముగిశాక బొమ్మలోంచి చెయ్యి తీసేముందు దాని కళ్ల మీద రుమాలు కప్పాలి. కప్పకుండా చెయ్యి లాగేస్తే, చూస్తూ చూస్తూ ప్రాణం తీసినట్టు ఉంటుందని వారి భావన. 1978 నవంబరులో అగ్నిప్రమాద ఘంట మోగి అందరం పరుగున బయటికి రావలసి వచ్చినప్పుడు ఆ రుమాలు లోపలే ఉండిపోయింది. ఇంకెవరైనా అయితే చెయ్యి లాగేసి ఊరుకునేవారు. వారు లాగలేదు, నన్నూ లాగనివ్వలేదు. బొమ్మలాటగాడి ముఖం పిల్లలకు కనబడకూడదు గనక వారు కోటు తమ తలమీదుగా కప్పుకుని, నన్నూ అందులోకి లాగి, వానలో గోడవారగా కూర్చున్నారు. కోటు పైన మేక. ఎదుటి బడి పిల్లలంతా చుట్టూ మూగారు. సరిగ్గా అప్పుడే వారి శ్రీమతి మైరా గారు మధ్యాహ్నం తిండి పట్టుకుని వచ్చారు.

“ఏంటయ్యా ఇది? మేకేమో దర్జాగా పైన, నువ్వేమో ముసుగేసుకుని కిందనా?”

మేక తల ఎత్తి ఆమెను ఎగాదిగా చూసింది. “అమ్మా, స్టేషన్ మాస్టర్‌తో మర్యాదగా మాట్లాడాలి. టికెట్టుందా?”

“టికెట్టు లేదు గానీ మటన్ పఫ్‌లున్నాయి. నీకు పెట్టనా, ఆ కింద దాక్కున్న మా ఆయనకి పెట్టనా?”

“మా పినతండ్రి పిల్లల్ని వండి తెచ్చి నాకే పెడతావా? అసలు మనిషివేనా?”

పిల్లలు పగలబడి నవ్వారు. మంట లేదని తేలి లోపలికి పిలిచేదాకా మా ఇద్దరికీ చేతులు ఖాళీ లేక, మైరా గారే కోటు కిందికి చెయ్యి పెట్టి ముక్కలు తుంచి తినిపించారు. అంత మంచి భోజనం నేను మళ్లీ చెయ్యలేదు.

1989 ఫిబ్రవరిలో ఒక మంగళవారం వారి భుజంలో సన్నని వణుకు నా ఎడమభుజానికి తగిలింది. అలసట కాబోలనుకున్నాను. మర్నాడూ ఉంది. వైద్యులు దానికి ఒక పేరు చెప్పారు, నయమవుతుందని మాత్రం చెప్పలేదు. మరో రెండు నెలలకు అది తెరమీదికి వచ్చింది. మాట్లాడనప్పుడు కూడా గాస్కిన్ గారి గడ్డం అదరసాగింది. మేమెవరం నోరెత్తకముందే గ్రిమ్స్‌బీ నుంచి టిలీ అనే ఆరేళ్ల పాప రాసిన ఉత్తరం వచ్చింది. “గాస్కిన్ తాతకి చలేస్తోంది. మీరెవరూ పట్టించుకోవట్లేదు. మా అమ్మమ్మ చేత మఫ్లర్ అల్లించాను. మెడకి రెండు చుట్లు చుట్టండి.”

చుట్టాం. ఆ వారం రచయిత నోక్స్ గారు వసంతకాలపు కథ పక్కన పెట్టి మంచు కురిసే కథ రాసి తెచ్చారు. ఎందుకని ఎవరూ అడగలేదు. వేదిక కట్టేవారు కాగితప్పూలు పీకేశారు, దీపాలవారు నీలిరంగు తగిలించారు. ఐదేళ్లపాటు పెబుల్‌డేల్‌కు వేసవి రాలేదు. జూలై ఎండల్లో చెమటలు కక్కుతూ తెల్లకాగితాలు కత్తిరించి మంచు కురిపించాం. అటక నిండా మఫ్లర్లు చేరాయి. ఒకరితో ఒకరం ఒక్క మాట అనుకోకుండా ఇంతమందిమి కలిసి ఒకే అబద్ధం ఆడటం ఈ సంస్థ చరిత్రలో ఇంకెప్పుడూ జరగలేదు. ఒకనాడు వారు తల దించుకునే అన్నారు, “మేకకి చలని దేశమంతా నమ్మింది ఆగీ. నాకే నమ్మకం కుదరట్లేదు.”

ఈ ఏప్రిల్‌లో పైవారి నిర్ణయం వచ్చింది. వచ్చే ఏడు నుంచి గాస్కిన్ గారు గీసిన కార్టూన్ బొమ్మగా వస్తారు. గీత వణకదు కదా. ముప్పై ఒక్క ఏళ్లలో ఈ సంస్థను ఏదీ కోరని హార్గ్రీవ్స్ గారు అప్పుడు ఒక్కటి కోరారు. ఆఖరి కథకు ఆ వేదిక కింద తామే నిలబడాలని. నిర్మాత డ్రేకాట్ గారు నన్ను గదిలోకి పిలిచారు.

“నిజం చెప్పండి ఆగ్నెస్. నాలుగు నిమిషాలు ఏకబిగిన తల నిలబెట్టాలి. ఆయన వల్ల అవుతుందా?”

“కాదు” అన్నాను.

అది నిజమే. ముందురోజు రెండో నిమిషానికే తల వాలిపోతుంటే, నా మోచేతితో వారి మోచేతిని కిందనుంచి ఎత్తిపట్టాను. కాని ఆ నిజం చెప్పవలసిన మనిషిని నేను కాదు. ఈ ఐదు నెలలుగా ఆ ఒక్క మాట నన్ను తింటూనే ఉంది. లండన్ నుంచి చెయ్యి తిరిగిన బొమ్మలాటగాణ్ణి పిలిపించాలని, హార్గ్రీవ్స్ గారు పక్కన కుర్చీలో కూర్చుని గొంతు మాత్రం ఇవ్వాలని నిర్ణయించారు. ఆ సాయంత్రం క్యాంటీనులో వారు నా ఎదుట కూర్చున్నారు. కప్పులోని టీ సగం సాసరులోకి ఒలికింది.

“నువ్వే చెప్పావంటగా.”

“నేనే చెప్పాను.”

“మంచి పని చేశావు. పిల్లల ముందు తల వాలిపోతే చచ్చిపోయాడనుకుంటారు.” ఆ తరువాత చాలా వారాలు పనికి సంబంధించిన మాట తప్ప నాతో మాట్లాడలేదు. వారి మీద నాకు కోపం రాలేదు. నా మీద నాకే వచ్చింది.

సెప్టెంబరు పద్నాలుగు, బుధవారం, ఆఖరి కథ చిత్రీకరణ. లండన్ నుంచి వచ్చినాయన కోటు విప్పి సిద్ధమవుతున్నారు. హార్గ్రీవ్స్ గారు కుర్చీలోంచి లేచి, మెల్లగా వేదిక కిందికి వచ్చారు.

“అయ్యా, మీరు దూరం నుంచి వచ్చారు, కాసేపు కూర్చుని టీ తాగండి. ఆగీ, తల నువ్వు పట్టుకో. దాని ఊపిరి నీకు తెలుసు. కుడిచెయ్యి నాకియ్యి.”

“వణుకుతుంది కదండీ” అన్నాను.

“ఊపడానికి కావాల్సింది అదేగా! దానంతటదే ఊగుద్ది, నాకు కష్టమే లేదు.”

పైనుంచి డ్రేకాట్ గారు కిందికి వంగి మమ్మల్ని చూశారు. తరువాత “దీపాలు వెయ్యండి” అన్నారు. ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి వారు నా కుడిపక్కన నిలబడ్డారు. వారి గొంతు నా చెవి పక్కనే పలుకుతుంటే తల నేను తిప్పాను. రైలు వచ్చింది, ఆగకుండా వెళ్లింది. నేను ఊపిన చెయ్యి ఎప్పుడూ మూడుసార్లు, కొలిచినట్టు ఊగి ఆగిపోయేది. ఆనాడు ఆ చెయ్యి లెక్కాపత్రం లేకుండా ఊగింది. రైలు కనుమరుగైనా ఊగుతూనే ఉంది. ఆపమని ఎవరూ అనలేదు. చివరికి కళ్ల మీద రుమాలు, ఆ రోజు చూడవచ్చిన మైరా గారు కప్పారు. అంచులు హార్గ్రీవ్స్ గారు ఖాళీగా ఉన్న చేత్తో సర్దారు. ఆ తరువాతే చేతులు బయటికి తీశాం.

గాస్కిన్ గారు ఇప్పుడు గిడ్డంగిలో, తాళం వేసిన పెట్టెలో ఉన్నారు. ఆ కథ క్రిస్మస్‌కు ముందు గురువారం ప్రసారమవుతుంది. చలికి వణుకుతున్నాడనే పిల్లలు అనుకుంటారు. అనుకోనివ్వండి.

ఇటువంటి వ్యాసాల చివర ఆయురారోగ్యాలు కాంక్షించడం మర్యాద. ఆయుష్షు దాకా బాగానే రాశాను, ఆరోగ్యం దగ్గర కలం ఆగిపోయింది. వృథా మాటలు వారికి గిట్టవు. కనుక హార్గ్రీవ్స్ గారూ, తిన్నగా మీకే చెబుతున్నాను. మీరు చాలాకాలం బతకాలి. మీ జబ్బు మన స్టేషను రైలులా కాకుండా, ప్రతి చోటా ఆగుతూ, వీలైనంత ఆలస్యంగా నడవాలి. టీకప్పు ఎత్తుకునే సత్తువ ఆఖరుదాకా మీ చేతిలో మిగలాలి. ఎత్తలేని నాడు మైరా గారు దగ్గర ఉండాలి, ఆ పక్కన నాకూ చోటుండాలి.

వీడ్కోలు సభ ముగిశాక మీరు గేటు దాటేటప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపండి. మేమంతా అక్కడే నిలబడి ఉంటాం. అది చలి అని మాలో ఒక్కరం కూడా అనం.

ఆగ్నెస్ పిల్లింగ్,
గాస్కిన్ గారి కుడిచెయ్యి, 1966–1994