ఏటవాలు మీద గడ్డి

ఒహాయోలో ఒక చిన్న ఊరు. పాత గడ్డికోత బండ్లు బాగుచేసి అమ్మే ముసలాయన షెడ్డుకు, కొత్తగా ఇల్లు కొనుక్కున్న అమ్మాయి శనివారం పొద్దున్నే వచ్చింది. ఎక్కి తోలే బండ్లన్నిటిలోకీ పెద్దదే చవగ్గా ఉండటం ఆమెకు వింతగా తోచింది.

"దీనికేం రోగం?"

"ఏ రోగమూ లేదు. ఈ ఊళ్ళో దాన్నెవరూ కొనరు, అంతే. నీ ఇల్లెక్కడమ్మాయ్?"

"వాగు పక్కన. వెర్లిన్ గారిల్లంటారే, అదే. వెనకంతా ఏటవాలు."

"అయితే నీకసలే అమ్మను. ఈ చిన్నది తీసుకో, అదే ధరకిస్తా. ముందరి చదును వరకే కొయ్యి."

"వెనక గడ్డి మోకాలెత్తు పెరిగితే ఎవరో ఒకరు ఊరి ఆఫీసుకు ఫిర్యాదు రాయరూ?"

"వెర్లిన్ మీద రాశారు. గడ్డి కొయ్యకపోతే జరిమానా అని నోటీసొచ్చిన మర్నాడే ఈ బండెక్కి ఏటవాలు మీదకు పోయాడు. బండి బోల్తాపడింది. మనిషి దక్కలేదు."

ఆమె బండి మీంచి చెయ్యి తీసేసింది.

"నా మీద మళ్ళీ రాయరని మీకేం తెలుసు?"

"వాగుకు అవతలిల్లు నాదే," అన్నాడాయన, చిన్నబండి తాళంచెవి ఆమె చేతిలో పెడుతూ. "అప్పుడు రాసింది నేనే."