డబ్బాల్లో పూసిన లిల్లీలు

కొత్త పడవ ఆ రోజే నీళ్లలో దిగాలి. విశాఖ నుంచి పూలు తెచ్చే జహాజు మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిర్ చేరలేదు. రేవు పక్కనున్న ఇంటి వాకిట్లో, కిరసనాయిలు డబ్బాల్లో తాను పెంచిన లిల్లీ మొక్కల దగ్గర, కోడలు నడుముకి కొంగు చుట్టి నిలబడింది.

"జహాజు వచ్చీదాకా పడవ దిగదు. గంగమ్మకి మనూరి పూలే ఎయ్యాల," అంది గడపలో కూర్చున్న అత్త.

"అవి వచ్చేసరికి కుళ్లి కంపు కొడతాయత్తా. ఇయ్యి చూడు, ఎండలు ముదిరేసరికి ఎలా ఇరగబూసినాయో!"

"పూస్తే పూసినాయి. ఇది పరాయి మట్టి. తల్లి ముట్టదు."

"గడ్డలు మా అమ్మ పెరట్లోవే. పెళ్లయి వచ్చినప్పుడు ఒళ్లో కట్టుకొచ్చినాను."

"గడ్డ మనదైతే సరా? పువ్వు పుట్టింది ఇక్కడ కదా!"

"ఇక్కడ పుట్టింది పనికిరాదా?"

"రాదంటే రాదు."

"మరి నీ కొడుకెక్కడ పుట్టినాడత్తా?"

జవాబు కోసం కోడలు ఆగలేదు.

"ఈ రేవులోనే కదా నువ్వు కన్నావు? ఆ పడవెక్కేది అతనే. ఈ మట్టి పువ్వునే ముట్టని తల్లి, ఈ మట్టిలో పుట్టినోణ్ణి నడిసముద్రంలో ఎలా కాస్తాది?"

ముసలామె లేచి వచ్చి, డబ్బా మీదికి వంగి ఒక పువ్వుని వేలితో తాకి చూసింది.

"ఏదీ, కత్తొకటి ఇలా తే. నా చేత్తో నేనే కోస్తాను."

"పెద్దవన్నీ తెల్లారగానే కోసి పడవ ముక్కుకి కట్టేసినానత్తా. ఇయ్యి నీ కొప్పులోకి ఉంచినాను."