అన్నభేది నీళ్లు

ఏందీ నాయనా, మల్ల తల వాకిలి దిక్కు తిప్పుతాండావ్? స్కూటీ సద్దు వినపడిందా? అది పక్కింటి సరోజమ్మ కోడలు. నీ చిన్నబిడ్డ బ్లెస్సీ కాదులే. నంద్యాల నుంచి ఆదివారం గానీ రాదని చెప్పినా కదా!

ఇట్ల తిరుగు. ఈ పక్క చెయ్యి ఇంకా తుడవాల.

నేనొస్తే ఎప్పుడన్నా అట్ల తల తిప్పినావా? పక్షవాతమొచ్చి నీ నోరు పడిపోయినకాన్నుంచి నీ దుప్పట్లు ఉతికేది నేను, సంకటి మెత్తగ పిసికి పెట్టేది నేను, మడి చూసేది నేను. ఆ యమ్మ వచ్చి మంచం అంచున కూసుంటే చాలు, నీ కండ్లల్లో నీళ్లు! మూతి వంకరగున్నా నగుతావ్. నాకు కనపడదనుకుంటాండావా?

నారుమడి సంగతి నీకెవురూ చెప్పలే. నేనే చెప్తా, విను.

ఈసారి కాలువ నీళ్లు ఆలస్యమాయె. బోరు నీళ్లతోనే నారు పోసినా. మొలక బాగనే వచ్చె. ఆమీట ఆకులు పాలిపోయి, కాగితం మాదిరి తెల్లగైపాయె. అది పోతే మల్ల పోసేదానికి అదును యాడుంది? ఈ ఏడు మడి బీడే.

ఇనుము తక్కువై ఆకు తెల్లబడితే అన్నభేది కొట్టమని అందరూ చెప్పేదే కదా. కొట్టంలో పోయినేటి మూట ఉండె. అది తెచ్చి డ్రమ్ములో బోరు నీళ్లు పట్టి పోసినా. కరగలా! అడుగున ఎర్రమట్టి మాదిరి కూసుండె. కట్టెతో తిప్పినా, తిప్పినా... నా రెక్కలు పడిపాయ గానీ అది కరగలా. వేడి చేస్తే కరుగుతాదేమోనని గుండిగ పొయ్యి మీద పెట్టి నీళ్లు కాంచి పోసినా. ఇంకా తుప్పు నీళ్లయిపాయె! పోనీ, నానితే కరుగుతాదని తెల్లార్లూ పెట్టినా. పొద్దున చూస్తే పైన నీళ్లు, కింద బురద. ఆ నీళ్లే గుడ్డలో వడకట్టి కొడితే నాజిల్ మూసుకపాయె. విప్పి ఊదేది, మల్ల బిగించేది. నోరంతా తుప్పు రుచి. నారు మాత్రం అట్లనే తెల్లగ.

గట్టు మీద కూసోని ఏడ్చినా. అవును, ఏడ్చినా.

ఎవురికి ఫోన్ చెయ్యాలో నాకు తెలీదా? నంద్యాలలో మట్టి పరీక్షలు చేసేది నా చెల్లెలే కదా! అయినా చెయ్యలా. దాన్ని అడిగేదానికంటే నారు ఎండితే ఎండనీ అనుకున్నా. నిజంగనే అనుకున్నా నాయనా!

సరోజమ్మ ఊరుకుంటాదా? బ్లెస్సీకి ఫోన్ చేసి చెప్పేసె. ఆదివారం నా చెల్లెలు మహాతల్లి చర్చి అయినాక నేరుగా మడికాడికే వచ్చె. డ్రమ్ములో చెయ్యి పెట్టి చూసి, "అక్కా, ఈ అన్నభేది గాలి తగిలి, చెమ్మ తగిలి తుప్పయిపోయింది. ఎంత తిప్పినా కరగదు. మన బోరు నీళ్లల్లో సున్నమెక్కువ, దాంట్లో మంచిది వేసినా ఇంతే. వేన్నీళ్లయితే ఇంకా తొందరగా చెడతాది" అనె.

అరిచిందా? లేదు. నగిందా? లేదు. అదే నాకు మంట! ఎక్కిరించింటే నేనూ ఒక మాట అందును కదా.

ఆళ్లగడ్డకు పోయి కొత్త పాకెట్ తెచ్చె. లేత పచ్చ పలుకులు. రేకుల కింద పట్టిపెట్టిన వాన నీళ్లల్లో ముందు నిమ్మ ఉప్పు కలిపె, ఆమీట అన్నభేది వేసె. చూస్తాండంగనే కరిగిపాయె నాయనా! బకెట్ అడుగు కనపడె. "నిలవ పెట్టొద్దక్కా, ఇప్పుడే కొట్టు" అనె. కొట్టినా.

నారు పచ్చబడింది. ఊర్లో ఏమంటాండారో తెలుసా? "బ్లెస్సీ బతికిచ్చె" అంట! ట్యాంకు వీపున మోసిందెవురు?

నన్ను పదో తరగతిలోనే మాన్పించి మడిలో దింపితివి. దాన్ని చదివిస్తివి. నేనూ చదివుంటే నాకు తెలియకపోవునా, ఆ సున్నం సంగతి?

ఉండు, ఫోన్ మోగుతాంది. చూసినావా, అదే!

ఆ... చెప్పు బ్లెస్సీ. పచ్చగనే ఉందిలే. మల్ల కొట్టినాలే, వాన నీళ్లతోనే. నాయనా? ఈడనే ఉన్నాడు. చెవికాడ పెడతా, మాట్లాడు.

ఏందీ? ఏమంటివి నాయనా? మల్ల అను!

"బ్లె...స్సీ" అంటివా?

ప్రభువా! నోరొచ్చె! వినపడిందా బ్లెస్సీ? ఏడవాకు, ఏడవాకు. పెట్టెయ్, తర్వాత మాట్లాడుదువు.

ఇన్ని నెల్లకు ఒక మాట. అదీ ఆ మాట.

సరేలే. అది చిన్న పేరు, ఇట్టే పలుకుతాది. నా పేరా? ఎలిజబెత్తంటే బాగున్నోళ్లకే నోరు తిరగదు, నీకెట్ల తిరుగుతాది? నువ్వు పెట్టిందే కదా నాయనా!

అంత పేరు వద్దులే. "ఏయ్" అను. పలుకుతా.