తాబేలు నాన్న తలూపాడు

హలో… ఆ, నేనే. మీ ఆయన్ని. ఇంకెవరనుకున్నావు?

… ఈ నంబరా? మాల్‌లో సెక్యూరిటీ అతని ఫోను. నాది ఛార్జింగ్ అయిపోయింది. … సరే, కాలేదు. నా నంబరు చూస్తే నువ్వు ఎత్తవుగా, అందుకే ఇతన్ని బతిమాలుకున్నా. పెట్టెయ్యకు.

… గొడవ పెట్టుకోడానికి కాదు. … తాగలేదు. తాగినవాడు ఇంత మెల్లగా మాట్లాడతాడా?

చిట్టి ఏం చేస్తోంది? … టీవీ ముందా. … ఆ, పాట వినబడుతోందిలే. తాబేలు నాన్న కార్టూనేగా. ఈ టైముకి ఏ ఇంట్లో చూసినా అదే పాట. కొంచెం వంటగదిలోకి వెళ్తావా? దానికి వినబడకూడదు. … వెళ్ళావా? తలుపు దగ్గరగా వేశావా?

ఒక్కటే అడుగుతాను. ఆదివారం వెళ్ళిపోతున్నారా?

…

హలో?

… ఎవరు చెబితే ఏంటి. అవునా, కాదా? … ట్రాన్స్‌ఫరా. … ప్రమోషన్ మీదా. మంచిదేగా, కంగ్రాట్స్. … ఎటకారం కాదు. ఎటకారమాడే ఓపిక కూడా లేదు నాకిప్పుడు.

ఎంత దూరం? … రాత్రంతా రైలా.

… ఆ. … ఆ. వెళ్ళి సర్దుకున్నాక చెబుదామనుకున్నావు. … అవును, ముందే చెబితే రచ్చ చేసేవాణ్ణే. కాదనను. ఇప్పుడు చేస్తున్నానా మరి? అదే నాకూ వింతగా ఉంది. కోపం రావట్లేదు. ఏడుపూ రావట్లేదు. ఇంజెక్షన్ ఇచ్చి పన్ను పీకితే ఎలా ఉంటుంది, అలా ఉంది. లోపలేదో లాగుతున్నారని తెలుస్తోంది, నెప్పి మాత్రం లేదు.

… మీ అన్నయ్య చెప్పలేదు. … ఒట్టు. … వదినా చెప్పలేదు, ఆవిడ నా మొహం చూసి ఎన్నాళ్ళయిందనీ. … ఏయ్, ఆగు! ఆయన మీద కేకలెయ్యకు. పాపం, ఇంట్లో పెట్టుకుని అన్నం పెడుతున్న మనిషి. … ఆగమంటుంటే! ఫోను చెవి దగ్గర పెట్టు. బావగారికేం సంబంధం లేదు ఇందులో.

… చిట్టి చెప్పింది.

… ఇవాళే. సాయంత్రం. … నీకు తెలీకుండా ఎక్కడికీ వెళ్ళలేదది. నువ్వు పక్కనే ఉన్నావు. … నాకు పిచ్చేం పట్టలేదు. చెబుతాను, కూర్చో. … సరే, నిలబడే విను.

ఇవాళ మీరిద్దరూ ఈ మాల్‌కి వచ్చారు కదా. కింద మధ్యలో, తాబేలు నాన్నతో ఫోటోలు దిగే లైన్లో నిలబడ్డారు. దానికి పసుపు గౌను. నువ్వు ఆఫీసు నుంచి అట్నుంచటే వచ్చినట్టున్నావు, మెళ్ళో కార్డు కూడా తియ్యలేదు. … చాటు నుంచి చూడలేదు. వెంటపడనూ లేదు. నీ ఎదురుగానే ఉన్నాను.

… ఎక్కడేంటి. నీ ఫోన్లో ఆ ఫోటో ఉంటుందిగా, తీసి చూడు. … చిట్టి పక్కన ఎవరున్నారు? … ఆ. తాబేలు నాన్న. … ఆ.

…

ఆ. నేనే.

… మెయింటెనెన్స్‌లో చేస్తున్నానని చెప్పాను, అవును. మరేం చెప్పమంటావు? ఫర్నిచర్ షోరూంలో టై కట్టుకుని సోఫాలు అమ్మినవాడు, షోరూం మూసేశాక తాబేలు వేషం వేస్తున్నాడని మీ వాళ్ళందరికీ కబురు పెట్టనా?

… నవ్వితే నవ్వు, పర్లేదు. … నవ్వట్లేదా. … ఏడవకు. ఇందులో ఏడవడానికేముంది. ఉద్యోగమే కదా.

… లోపలా? ఏముంటుంది, ఉక్క. నెత్తి మీద చిన్న ఫ్యానుంది, దానికి బుద్ధి పుడితే తిరుగుతుంది. మనం చూసేది తాబేలు నోట్లోంచి. నోటికి వల గుడ్డ కట్టి ఉంటుంది. ఆ చిప్ప ఉంది చూశావూ, దించితే భుజాల మీద వాతలు. నాకంటే ముందు ఎవడు వేసుకున్నాడో వాడి చెమటా, నా చెమటా… వద్దులే, నువ్వు అన్నం తినాలి.

పిల్లలు బాగానే ఉంటారు. తంతారు, తోక పీకుతారు, అదే వాళ్ళ ముద్దు. తల్లులొచ్చి, "తాబేలు నాన్నా, వీణ్ణి పాలు తాగమని చెప్పు" అంటారు. నేను తలూపుతాను. ఇంటికెళ్ళి తాగేస్తాడట. కన్నవాళ్ళు కాళ్ళావేళ్ళా పడితే మూతి బిగించినవాడు! మొన్నొకావిడ మొగుణ్ణి రెక్క పుచ్చుకు లాక్కొచ్చింది. "చూడండి, నాన్నంటే ఇలా ఉండాలి" అని. ఆ మనిషి నన్ను చూసిన చూపు చూడాలి నువ్వు. బాబూ, నేనూ నీలాంటివాణ్ణే, లోపల ఉడికి చస్తున్నా అందామనుకున్నా.

… నువ్వూ అనేదానివిగా. ఆ తాబేలుకున్న ఓపికలో పావలా వంతు నాకుంటే బాగుండునని. … దెప్పట్లేదు. గుర్తొచ్చింది, అన్నాను.

… ఆ, అదీ చేస్తాను. "చిప్పలోకి!" ఆటే, ఎవరైనా అరిస్తే తల చిప్పలోకి లాక్కోవడం. అది చెయ్యకపోతే పిల్లలు ఒప్పుకోరు. బడి పిల్లల్ని తీసుకొచ్చిన టీచరమ్మ ఒకావిడ నా ముందే మొత్తుకుంది, కాస్త గొంతు పెంచితే చాలు, క్లాసులో సగం మంది చొక్కాలు నెత్తి మీదకి లాక్కుని చిప్పలోకి వెళ్ళిపోతున్నారట. ఇంకెవరికి పాఠం చెప్పాలని ఆవిడ బాధ. … మన చిట్టి ఎప్పుడు మొదలెట్టిందో నాకూ తెలుసు. ఎవరు అరిస్తే మొదలెట్టిందో కూడా తెలుసు. చెప్పక్కర్లేదు.

… మాట్లాడకూడదు మేము. అదే అసలు రూలు. టీవీలో ఆ గొంతు ఎవరిదో, నా గొంతు వింటే పిల్లలు కనిపెట్టేస్తారు. చెయ్యి ఊపొచ్చు, తల ఊపొచ్చు. అదీ నిలువుగానే. అడ్డంగా ఊపకూడదు. తాబేలు నాన్న ఏ పిల్లకీ కాదనడట, సూపర్‌వైజరు వేషం ఇచ్చేటప్పుడే చెప్పాడు.

… అదే చెబుతున్నా. నువ్వు వెనక్కి వెనక్కి నడుస్తున్నావు, చిప్ప మొత్తం ఫోటోలో పట్టట్లేదని. ఇది నా మెడ పట్టుకుని వేలాడింది. తాబేలుకి చెవెక్కడుందో తెలీక నోటి దగ్గర మాట్లాడింది. దాని మూతి వల గుడ్డకి ఆనింది. అంత దగ్గర. దాని ఊపిరి నా మొహానికి తగిలింది. చాక్లెట్ కొనిపెట్టావా ఇవాళ? … ఆ, అదే వాసన.

ఏమందంటే… "తాబేలు నాన్నా, మేము ఆదివారం కొత్త ఊరు వెళ్ళిపోతున్నాం. మా నాన్నకి తెలీదు. చెప్పద్దంది అమ్మ. నువ్వూ చెప్పకు" అంది.

… ఆగు, అయిపోలేదు.

"అక్కడ మాకు నాన్న ఉండడు. నువ్వొచ్చి మాకు నాన్నగా ఉంటావా?" అంది.

…

… తలూపాను. … ఏం చెయ్యమంటావు మరి? … ఉద్యోగం పోతుందని కాదు. అది అలా చూస్తుంటే అడ్డంగా ఊపేవాడెవడు చెప్పు. ఊపాను. కావాలంటే ఫోటో చూడు, తాబేలు మొహం మసక మసకగా ఉంటుంది. సరిగ్గా ఊపుతున్నప్పుడే తీశావు.

… ఉందా. … ఆ.

తర్వాత నువ్వొచ్చి చిప్ప మీద తట్టి "థాంక్యూ అండీ" అన్నావు. నన్ను అండీ అని ఎన్నాళ్ళయిందో.

… ఎందుకు పిలవలేదంటే ఏం చెప్పను? పిలుద్దామనే అనుకున్నా. అప్పటికే తర్వాతి పిల్లాడొచ్చి తోక పట్టుకున్నాడు. మీరెళ్ళాక కూడా లైనుంది. అందరితోనూ దిగాను. అందరికీ తలూపాను. ఇప్పుడే వేషం తీశాను.

… ఏంటీ, చిట్టికి చెబుతావా? వద్దు. అమ్మా తల్లీ, వద్దు. … సంతోషిస్తుందని నువ్వనుకుంటున్నావు. ఆలోచించు. చెవిలో చెప్పింది కదా అది, ఎవరికీ చెప్పకన్నది కదా. గంట తిరక్కముందే వాళ్ళ నాన్నకి తెలిసిపోయిందంటే, ఇంక ఎవరి చెవిలో చెప్పుకుంటుంది? … నా చెవిలోనా. నాకు చెప్పద్దనే కదా దానికి నేర్పావు. … సర్లే. వెనక్కి తీసుకుంటున్నా ఆ మాట.

ఇంకోటి కూడా ఉంది. ఆ తల తీసి చూస్తే లోపల నేనుంటాను. అది అడిగింది నన్ను కాదుగా.

… అలా అనకు. … నువ్వేం పాపం చెయ్యలేదు. … నేనూ చెయ్యలేదా? ఏమో మరి.

… ఆదివారమా? … స్టేషన్‌కా? … నేనా?

… నువ్వే రమ్మంటున్నావు, తర్వాత మాట మార్చకూడదు. … వస్తాను. సెలవు పెడతాను. … సాయంత్రం రైలు కదా, మధ్యాహ్నానికే వచ్చేస్తాను ఇంటికి. సామాన్లు మోస్తాను. ఇంత చిప్ప మోసేవాడికి రెండు సూట్‌కేసులు ఓ లెక్కా! … నవ్వావు. నవ్వావులే, విన్నాను.

అక్కడికి… ఎప్పుడైనా సెలవుల్లో నేనొస్తే… దాన్ని చూసి పోవడానికే… … ఆలోచిస్తావా. … లేదు, లేదు, చాలు. ఆలోచించు. ఆ మాత్రం చాలు నాకు.

చిట్టికి మాత్రం, నాన్నకి నేనే చెప్పానని చెప్పు. తాబేలు మీదకి రానివ్వకు.

… ఇప్పుడా? … కార్టూన్ అయిపోయిందా. … మాట్లాడుతుందంటావా? … ఇవ్వు.

…

హలో… చిట్టీ… ఆ, నాన్నని.

… ఏ నాన్నేంటే! … మామూలు నాన్నని.

… తిన్నావా? … అవునా! తాబేలు నాన్నని కలిశావా? ఎక్కడ? … అబ్బో! … ఎలా ఉన్నాడు? … అంత పొడుగా! … మెత్తగా ఉన్నాడా. … చెమట కంపా? పాపం, పొద్దుట్నుంచీ నిలబడి ఉంటాడమ్మా.

… రహస్యమా? అయితే చెప్పకు. … సగమే చెబుతావా. సరే, చెప్పు. … ఏదో అడిగావు. … తలూపాడు. … ఎన్నిసార్లు ఊపాడు? … అన్నిసార్లు ఊపితే ఇంక నిజమేగా. … తప్పడు. ఆయన మాట తప్పడు.

… ఆదివారం… అవును, తెలుసు. అమ్మే చెప్పింది ఇప్పుడు. ఇంకెవరు చెబుతారు. … అమ్మే, ఒట్టు. … వస్తున్నాను, స్టేషన్ దాకా.

… ఏం?

…

రావద్దా? ఎందుకూ?

… ఓ.

… నన్ను చూస్తే… "ఈ పాపకి నాన్న ఉన్నాడుగా" అనుకుని… ఆ… తాబేలు నాన్న వెనక్కి వెళ్ళిపోతాడా.

… నిజమేనమ్మా. అలాగే అనుకుంటాడు.

… కోపం రాలేదు. ఎందుకొస్తుంది, నువ్వు బాగానే ఆలోచించావు. … ఏడవకు. చిప్పలోకి వెళ్ళకు, నేనరవట్లేదుగా. ఇదిగో, విను. గౌను కిందకి దించుకున్నావా? … నేను రానులే. … రాను. … ఊళ్ళో ఎక్కడా కనబడను ఆ రోజు, సరేనా.

… ఏంటీ? … ధన్యవాదాలా. … ఆ టీవీ మాటలేంటమ్మా, నాన్నకి… … సరే. ఫర్వాలేదు తల్లీ.

అమ్మకివ్వు.

…

… ఆ, మాట్లాడింది. బాగానే మాట్లాడింది. … ఏముంది, తాబేలు కబుర్లే. … కళ్ళు తడిగా ఉన్నాయా? ఏమో, నిద్రొస్తోందేమో.

అదీ… ఆదివారం సంగతి. ఇందాక ఆలోచించకుండా అనేశాను. సెలవివ్వరు. ఆ రోజు పిల్లలు ఎగబడతారిక్కడ, మనుషులు చాలరు. … లేదు, అదేమీ అనలేదు. … అనలేదంటున్నానుగా. దాన్నేం అడక్కు. నిలదియ్యకు. నా మీద ఒట్టు.

… కోపం కాదు. … నిజంగా కాదు. … నువ్వు రమ్మన్నావు, అది చాలు. మీ అన్నయ్యని సామాన్లు ఎక్కించమను. రైల్లో దాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టు. … దిగాక ఒక్క మాట చెప్పు, చేరామని. ఈ నంబరుకైనా సరే.

… ఆ?

… అక్కడ చిట్టి రోజూ తలుపు దగ్గర నిలబడితే… తాబేలు నాన్న ఏడీ అని అడిగితే…

…

బయల్దేరాడని చెప్పు. … నడిచొస్తున్నాడని చెప్పు. దూరం కదా, టైం పడుతుందని చెప్పు.

… ఆ.

… ఉంటాను.